శాలువా సరే, ఆవిడ చేసిన పని పేరేమిటి?

అడిగితే చెప్తా
పాఠకుల ప్రశ్నలకు శ్రీకాకుళంలో ఉంటున్న ఒక రిటైర్డ్ మైక్రోబయాలజీ ప్రొఫెసర్ జవాబులు

ఫిబ్రవరి వస్తే నాకు ఉత్తరాలు పెరుగుతాయి. పదకొండో తారీకున సైన్సులో మహిళలు, బాలికల అంతర్జాతీయ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 2015 డిసెంబర్‌లో తీర్మానం చేసింది, 2016 నుంచి జరుపుతున్నారు. ఇరవై ఎనిమిదిన మన జాతీయ సైన్స్ దినోత్సవం. ఊపిరి తీసుకునేలోగా మార్చి ఎనిమిది. ఈ నెల రోజులూ బొకేలమ్మేవాళ్లకీ, ఫ్లెక్సీలు వేసేవాళ్లకీ చేతినిండా పని. వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఏరాను. ఒకరికి జవాబు పొడుగైంది, ఇంకొకరికి నాలుగు ముక్కలే దక్కాయి. ఏమీ అనుకోవద్దు.

మేడమ్ గారికి నమస్కారం. రణస్థలం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఫిబ్రవరి 11న ఏదైనా కార్యక్రమం పెట్టమని హెడ్మాస్టర్ గారు అన్నారు. మహిళా శాస్త్రవేత్తల పేర్లు చెప్పమంటే పిల్లలు మేరీ క్యూరీ, కల్పనా చావ్లా అని ఆగిపోతారు. నిజం చెప్పాలంటే నేనూ అక్కడే ఆగిపోతాను. చార్టు మీద ఫొటోలు అంటించడం కాకుండా ఏం చెయ్యొచ్చు?
— ఒక టీచరు

టీచరు గారూ, ఈ ఏడాదికి చార్టు మానేద్దాం. మీ ఊరి ఏఎన్ఎమ్‌ని అడిగి, గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రల స్ట్రిప్పు ఒకటి తెచ్చుకోండి. బడిలో మీ పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం మాత్రయినా సరే. అట్ట వెనక ఏం రాసుందో ఒక అమ్మాయి చేత బోర్డు మీద రాయించండి. ఐరన్, ఫోలిక్ యాసిడ్. ఐరన్ సంగతి పిల్లలకి తెలుసు. ఈ ఫోలిక్ యాసిడ్‌ని ఎవరు, ఎక్కడ పట్టుకున్నారని అడగండి. ఎవరూ చెప్పరు. మీ కార్యక్రమం అక్కణ్ణించి మొదలు.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల పేద కుటుంబాల్లో ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు రక్తం లేక పాలిపోయి, చాలామంది చనిపోయేవారు. మైక్రోస్కోపులో చూస్తే వాళ్ల ఎర్ర కణాలు మామూలుకన్నా పెద్దవిగా ఉన్నాయి. ఐరన్ తక్కువైతే కణం చిన్నదవ్వాలి గానీ పెద్దదవ్వకూడదు. అంటే ఇది వేరే లోటు. ఆవిడ రోగుల రక్తంతో ఆగలేదు. వాళ్లు ఏం వండుకుంటున్నారు, ఎంత తింటున్నారు అని ఆరా తీసింది. అదే తిండి ఎలుకలకి పెట్టింది, తర్వాత కోతులకి పెట్టింది. వాటికీ రక్తం తగ్గింది. అప్పుడు ఒక్కో పదార్థమే చేర్చి చూస్తూ పోతే, మార్మైట్ అని ఇంగ్లండులో రొట్టె మీద రాసుకునే ఈస్టు ముద్ద తిన్న కోతులు కోలుకున్నాయి. ఆడవాళ్లకిస్తే వాళ్లూ కోలుకున్నారు. ఖరీదైన మందు కాదు, కిరాణా కొట్లో దొరికేది. 1931లో ఆ సంగతి ప్రచురించింది.

ఆ ఈస్టులో ఉన్న పదార్థమేదో అప్పటికి తెలీదు కాబట్టి విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. తర్వాత తేలింది, అది ఫోలిక్ యాసిడ్ అని. 1945లో అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. సుబ్బారావు గారి పేరు మీ పిల్లలు విని ఉంటారు. అదే మాత్రకి అటువైపు కొసన ఉన్న ఆడమనిషి పేరు విని ఉండరు. ఇద్దరి పేర్లూ ఒకే బోర్డు మీద రాయించండి.

మీ బడిలో ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలుంటే ఇంకొకరి గురించి చెప్పండి. సాలూరు, గుమ్మలక్ష్మీపురం కొండల పిల్లలకి మలేరియా పాఠ్యపుస్తకంలో విషయం కాదు, ఇంట్లో మనిషికి వచ్చే చలిజ్వరం. ఫాల్సిపారం రకం తేలితే ఇచ్చే మాత్రల్లో ఆర్టిసునేట్ ఉంటుంది. దానికి మూలం చైనాలో తు యుయు అనే ఆవిడ పని. 1967లో, వియత్నాం యుద్ధ కాలంలో, చైనా ప్రభుత్వం మలేరియా మందు కోసం రహస్యంగా ఒక పథకం మొదలుపెట్టింది. తు యుయు పాత వైద్యగ్రంథాలన్నీ తిరగేసింది. పదహారు వందల ఏళ్ల నాటి ఒక పుస్తకంలో, ఫలానా ఆకు గుప్పెడు తీసుకుని నీళ్లలో నానబెట్టి, పిండి ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడికి మందు గుణం పోతోందేమో అని ఆవిడకి అక్కడ తట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో రసం తీసింది. 1971లో ఎలుకల్లో, కోతుల్లో పనిచేసింది. రోగులకిచ్చే ముందు, 1972లో, తనే మింగి చూసుకుంది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆవిడకి డాక్టరేట్ లేదు.

ఆ మొక్క మన వినాయక చవితి పత్రిలో మొట్టమొదట వేసే మాచిపత్రికి దగ్గరి చుట్టం. ఇది చెప్తే పిల్లలు లేచి కూర్చుంటారు. అయితే వెంటనే ఇంకో ముక్క కూడా చెప్పండి: చుట్టమే గానీ అదే మొక్క కాదు, జ్వరమొస్తే మాచిపత్రి నూరుకుని తాగకూడదు, రక్తపరీక్షకి వెళ్లాలి. మన వాట్సాప్ వైద్యుల సంగతి మీకు తెలుసు కదా.

టైముంటే ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేసిన ఇందిరా నాథ్ గురించి రెండు మాటలు చెప్పండి. మా చిన్నతనంలో కుష్టు అంటే మనిషిని ఊరి బయట పెట్టేవారు. సాలూరులో అందుకోసమే ఒక ఆసుపత్రి ఉండేది. ఒకే క్రిమి ఒకరి ఒంటి మీద చిన్న మచ్చతో ఆగిపోయి, ఇంకొకరికి ఒళ్లంతా ఎందుకు పాకుతుంది? ఇది ఇందిరా నాథ్ ప్రశ్న. ఒళ్లంతా పాకినవాళ్ల రోగనిరోధక కణాలు మిగతా క్రిములతో మామూలుగానే పోరాడతాయి, ఈ ఒక్క క్రిమి దగ్గరే స్పందించవు. అది ఎలా జరుగుతుందో ఆవిడ ఏళ్ల తరబడి వెతికింది.

ఒక్కటే కోరుకుంటాను. ముందు పని చెప్పండి. పెళ్లి, పిల్లలు, చీర, బొట్టు తర్వాత, అదీ ఎవరైనా అడిగితే. ఒకసారి నన్నూ ఒక సభలో కూర్చోబెట్టారు. పక్కన గుండె డాక్టరు గారు. ఆయన్ని యాంకరమ్మ స్టెంట్ల గురించి అడిగింది. నా వైపు తిరిగి, "ఇంత బిజీలో ఇంట్లో వంట ఎవరు చేస్తారు మేడమ్?" అంది. కలరా క్రిమి గురించి ఒక గంట మాట్లాడదామని తయారై వెళ్లినదాన్ని. ఆకలి వేసినవాళ్లు చేసుకుంటారని చెప్పి మైకు ఇచ్చేశాను. శాలువా కప్పకుండా ఉండలేమంటారా, పొందూరు ఖద్దరుది కప్పండి. కనీసం పనికొస్తుంది.

అందరూ ఆడవాళ్లకి ప్రోత్సాహం లేదంటారు. ఇప్పుడు చదువులన్నీ అందరికీ తెరిచే ఉన్నాయి కదా. అయినా పెద్ద శాస్త్రవేత్తల్లో ఆడవాళ్లు తక్కువ. కొంత సహజమైన తేడా ఉందేమో అని నా అనుమానం. తప్పయితే చెప్పండి.
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, బొబ్బిలి

తప్పే, బాబు గారూ. తలుపు మూసిపెట్టి, లోపలికి ఎవరూ రాలేదేమని అడిగితే ఎలా? 1933లో కమలా సొహోనీ అనే అమ్మాయి బొంబాయి విశ్వవిద్యాలయంలో మంచి మార్కులతో డిగ్రీ పాసై బెంగళూరు సైన్స్ సంస్థకి దరఖాస్తు పెట్టింది. ఆడపిల్ల అని డైరెక్టర్ సి.వి. రామన్ గారు కాదన్నారు. నోబెల్ వచ్చిన మనిషి. ఆవిడ వెనక్కి తగ్గకపోతే చివరికి ఏడాది పాటు పరీక్షగా చూస్తామని, ఇంకా కొన్ని షరతులు పెట్టి చేర్చుకున్నారు. ఆరేళ్లు తిరక్కుండా, 1939లో, ఆవిడ కేంబ్రిడ్జిలో డాక్టరేట్ తీసుకుంది. మొక్కల కణాల్లో సైటోక్రోమ్ సి అనే పదార్థం ఉందని చూపించింది.

అదే రామన్ గారి ల్యాబ్‌లో వజ్రాల మీద, కెంపుల మీద పనిచేసిన అన్నా మణికి మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇవ్వలేదు. ఎమ్మెస్సీ లేదని కారణం చెప్పారు. ఆవిడ వాతావరణ శాఖలో చేరి, వంద దాకా పరికరాలు ఇక్కడే తయారయ్యేలా నమూనాలు సిద్ధం చేయించింది. గాలి వేగం, ఎండ, ఓజోన్, అన్నీ కొలిచేవి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు మీరూ టీవీ ముందు కూర్చుని గాలి ఎన్ని కిలోమీటర్ల వేగమో చూసే ఉంటారు. మన దేశంలో ఆ లెక్కలకి పునాది వేసినవాళ్లలో డాక్టరేట్ దక్కని ఈ అన్నా మణి ఒకరు. సహజమైన తేడా ఎక్కడుందో మీరే వెతికి చెప్పండి.

అమ్మా, నాది కవిటి మండలం. ఆశా కార్యకర్తని. మా ఉద్దానం కిడ్నీ జబ్బు మీకు తెలిసిందే. ఎన్నోసార్లు పరిశోధన అని ఎవరెవరో వచ్చేరు. వాళ్ల వెంట ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసి, సీసాలిచ్చి, రక్తం తీయించింది మేమే. ఒక బృందం వచ్చెళ్లి మళ్లీ కనబడలేదు. "మా రక్తం ఏటైంది?" అని జనం నన్ను అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. మొన్న టౌన్లో సైన్సు మేడమ్‌లకి సన్మానం చేశారని పేపర్లో చూశాను. మంచిదే. మరి మేం చేసింది పరిశోధన కాదా?
— ఒక ఆశా కార్యకర్త

అవును చెల్లెమ్మా, పరిశోధనే. మర్యాదకి అంటున్న మాట కాదిది, లెక్క చూపిస్తాను.

ఉద్దానం జబ్బుకి కారణం ఇంకా తేలలేదు. షుగరు, బీపీ లేనివాళ్లకి, జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే వయసువాళ్లకి కిడ్నీలు నెమ్మదిగా దెబ్బతింటాయి. కాళ్లకి నీరు రాదు, నొప్పి ఉండదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగే సరికే కిడ్నీ పనిలో సగం దాకా పోయి ఉంటుంది. అందుకని ఆసుపత్రికి వచ్చినవాళ్లని చూస్తే సరిపోదు, బాగున్నామనుకునేవాళ్ల ఇంటికి వెళ్లి చూడాలి. అక్కడే నీ పని మొదలవుతుంది. ల్యాబ్‌లో మిషను ఎంత ఖరీదైనదైనా, నువ్విచ్చిన సీసాలో ఉన్నదాన్నే అది కొలుస్తుంది.

ఆ సీసా మీద పేరు తారుమారైతే ఒక మనిషి జబ్బు ఇంకొకరి ఖాతాలోకి పోతుంది. రక్తం తీసి ఎండలో స్కూటరు డిక్కీలో పెట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగితే అంకెలు మారిపోతాయి. ముందు రోజు రాత్రి మాంసం తిన్నా, పొద్దుటినుంచి తోటలో చెమటోడ్చి నీళ్లు తాగకుండా వచ్చినా క్రియాటినిన్ పెరిగి కనబడుతుంది. "రాత్రి ఏం తిన్నావు మావా? పొద్దున్న పనికెళ్లావా?" అని నువ్వడిగి రాసిన ముక్క అందుకే విలువైనది. ఇంకోటి, ఒక్కసారి పరీక్ష చేసి కిడ్నీ జబ్బని తేల్చకూడదు. మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. ఈ మూడు నెలల్లో మనిషి పలాసలో ఉన్నాడా, చెన్నైకి పనికి పోయాడా, మళ్లీ ఎప్పుడొస్తాడు, ఇవి ఏ ప్రొఫెసరుకీ తెలీవు. నీకు తెలుసు.

వేలూరులో గగన్‌దీప్ కాంగ్ గారి బృందం చేసిన పని చెప్తాను. పసిపిల్లలకి విరేచనాలు తెచ్చే రోటా వైరస్ మీద. బస్తీల్లో పుట్టిన పిల్లల్ని మూడేళ్లు వెంబడించారు. కార్యకర్తలు వారానికి రెండుసార్లు ప్రతి ఇంటికీ వెళ్లి విరేచనాలు ఉన్నాయా లేవా అని రాసుకున్నారు, నమూనాలు తెచ్చారు. ఒకసారి సోకితే ఎంత రక్షణ వస్తుంది, మళ్లీ ఎన్నిసార్లు సోకుతుంది అన్నది అలా ఇళ్లకి వెళ్లి రాసుకున్న రాతల్లోంచి తేలింది. మన దేశపు రోటా టీకా ఆఖరి దశ పరీక్షలు జరిగిన మూడు చోట్లలో వేలూరు ఒకటి. 2016లో ప్రభుత్వం ఆ చుక్కల్ని ఉచిత టీకాల్లో చేర్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకి పిల్లల్ని తీసుకురమ్మని నువ్వు తల్లుల వెంటపడే చుక్కలు అవే. 2019లో లండన్ రాయల్ సొసైటీకి ఎన్నికైన మొదటి భారతీయ మహిళ గగన్‌దీప్ కాంగ్. ఆ గౌరవానికి ఆవిడ అర్హురాలు. వేలూరు వీధుల్లో చీటీలు పట్టుకుని తిరిగిన ఆడవాళ్ల పేర్లు మనకి తెలీవు.

ఇక నీ అసలు బాధ, ఫలితం చెప్పకపోవడం. అది వాళ్ల తప్పు, నీది కాదు. పరిశోధనలో పాల్గొన్నవాళ్లకి రక్తం ఎందుకోసం తీస్తున్నారో వాళ్ల భాషలో చెప్పాలి. సమ్మతి కాగితం ఒక కాపీ వాళ్లకే ఇవ్వాలి. వద్దనుకుంటే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల వాళ్ల వైద్యం ఆగకూడదు. ఇవి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో వేసిన నియమావళిలో ఉన్నవే. ఈసారి ఎవరైనా వస్తే మొదటి రోజే మూడు మాటలు అడుగు. మీ ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ఏది? ఎవరి రిపోర్టు వాళ్లకి ఎప్పుడిస్తారు? అందరి లెక్కా తేలాక ఊళ్లో మీటింగు పెట్టి చెప్తారా? జవాబు కాగితం మీద రాయించుకో. ఇంకోటి కూడా అడుగు, సిగ్గుపడకు: వ్యాసం అచ్చయినప్పుడు చివర్న కృతజ్ఞతల్లో మా పేర్లు వేస్తారా? రచయితగా పేరు పడాలంటే వ్యాసం రాయడంలో పాలు ఉండాలని నియమం ఉంది, అది సరే. కృతజ్ఞతల్లో పేరుకి ఏ అడ్డూ లేదు, ఒక పంక్తి చాలు.

2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో వస్తున్నాయి. నీళ్లు మారాక కొత్త రోగుల సంఖ్య తగ్గుతుందా లేదా అన్నది రాబోయే ఏళ్లలో చూడాల్సిన పెద్ద ప్రశ్న. నీళ్లు ఏ ఇంటికి ఏ నెలలో వచ్చాయి, ఎవరు ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారు? ఎవరూ అడక్కపోయినా ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకో. రేపు ఆ లెక్క కోసం నీ గుమ్మంలోకే వస్తారు.

నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. సైంటిస్టు అవ్వాలని ఉంది. మా ఇంట్లో మైక్రోస్కోప్ లేదు. ఇప్పుడు ఏం చెయ్యాలి?
— ఒక విద్యార్థిని, ఆమదాలవలస

మీ పెరట్లో నీళ్ల తొట్టి ఉందా? అందులో తోకపురుగుల్లా కదిలేవి దోమపిల్లలు. ఒక తెల్ల గిన్నెలోకి నీళ్లు తీసి, కదపకుండా చూడు. నీటి పైపొరకి సమానంగా, పడుకున్నట్టు తేలేవి మలేరియా దోమ జాతి. తల కిందకి వేలాడదీసి ఏటవాలుగా ఉండేవి వేరే రకాలు. రోజూ ఒకే టైముకి, ఒకే గిన్నెతో తీసి ఎన్ని ఏ రకమో లెక్క రాయి. తేదీ వెయ్యి. పెన్నుతో రాయి. తప్పు పడితే కింద ఏముందో కనబడేలా ఒక్క గీత కొట్టు, వైట్‌నర్ పూయకు. ల్యాబ్‌లో అందరం అలాగే రాస్తాం. వారం తర్వాత అమ్మ తిడుతుంది కాబట్టి తొట్టి కడిగెయ్యి. కడిగాక మళ్లీ ఎన్నాళ్లకి పడ్డాయో, అదీ రాయి.

మేడమ్, మాది పలాస. బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ అయింది. నాన్నకి మూడేళ్లుగా డయాలసిస్. కిడ్నీ జబ్బు మీద పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. ఇంతలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంబంధం వచ్చింది. "పెళ్లయ్యాక చదువుకో, వాళ్లు కాదంటారేటి" అని అమ్మ. నాన్న ఉండగానే పెళ్లి చూడాలని ఇంట్లో అందరి మాట. నాకేమో ఒకటే టెన్షన్.
— ఒక పాఠకురాలు

తల్లీ, ముందు నీకు ఇష్టం లేని మాట ఒకటి చెప్పేస్తాను. నీ పీహెచ్‌డీ మీ నాన్నగారికి పనికి రాదు. ఐదేళ్లు కష్టపడితే ఒక పెద్ద ప్రశ్నలో ఒక చిన్న ముక్క తేలుతుంది. మూత్రంలో ఫలానా ప్రొటీన్ క్రియాటినిన్ కంటే ముందు పెరుగుతుందా లేదా, అలాంటిది. ఇది తెలిసి కూడా చెయ్యాలనిపిస్తే చెయ్యి. నాన్నని బతికించాలని వచ్చినవాళ్లు రెండో ఏడాదికి కుంగిపోవడం చూశాను.

ఇక పెళ్లి. చేసుకోవద్దని నేను చెప్పను, చేసుకోమనీ చెప్పను. నీకు తెలియాల్సిన రూల్సు మాత్రం చెప్తాను. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్లు గడువు, తర్వాత రెండేళ్లు పొడిగించవచ్చు, ఆడవాళ్లకి ఇంకో రెండేళ్లు అదనం. ప్రసూతికి, పిల్లల సంరక్షణకి కలిపి 240 రోజుల దాకా సెలవు. పెళ్లి వల్ల ఊరు మారాల్సి వస్తే అప్పటిదాకా చేసిన పనిని, డేటాతో సహా, కొత్త విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకోవచ్చు. అంటే ఇక్కడ చేరి హైదరాబాద్ వెళ్లినా మళ్లీ మొదటికి రానక్కర్లేదు. మీ అమ్మ అన్న "పెళ్లయ్యాక"లో చిక్కు ఇక్కడే ఉంది. చేరినవాళ్లకే ఈ హక్కులన్నీ. చేరనివాళ్లకి ఏదీ లేదు. అందుకని ముహూర్తం ఎప్పుడైనా పెట్టుకోండి గానీ నువ్వు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి, సీటు చేతిలో పెట్టుకో. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే 2023 నుంచి నెలకి 37 వేలు, ఇంటద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. వయసు పరిమితిలో ఆడపిల్లలకి ఐదేళ్లు సడలింపు. జీతం వచ్చే చదువు అని చెప్తే ఇంట్లో మాట తీరు మారుతుంది. మారకూడదు, కానీ మారుతుంది.

పెళ్లిచూపుల్లో అబ్బాయిని "చదివిస్తారా?" అని అడక్కు. అందరూ చదివిస్తామనే అంటారు. "నా ప్రయోగం రాత్రి పదకొండుకి అయితే ఆ రోజు ఇంట్లో భోజనం సంగతేంటి?" అని అడుగు. అతని మొహం చూడు, పక్కన కూర్చున్న వాళ్లమ్మ మొహం కూడా చూడు.

గైడుని ఎంచుకునేటప్పుడు కూడా అంతే పట్టుదలగా ఉండు. ఆయన దగ్గర చేరిన అమ్మాయిల్లో ఎంతమంది పూర్తి చేశారో, మానేసినవాళ్లు ఎందుకు మానేశారో వాళ్లకే ఫోన్ చేసి కనుక్కో. రాత్రి ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది, హాస్టలుకి ఎలా వెళ్తారు, ఆ అంతస్తులో ఆడవాళ్లకి గడియపడే బాత్రూము ఉందా? నవ్వకు. మా రోజుల్లో ఒక డిపార్ట్‌మెంట్లో అది లేక మేం పొద్దుటినుంచి నీళ్లు తాగేవాళ్లం కాదు. కిడ్నీల మీద పనిచేద్దామనుకునే నీకు వేరే చెప్పాలా?

మధ్యలో ఆగిపోయినా దారి మూసుకుపోదు. ఆగిన ఆడవాళ్లు మళ్లీ పరిశోధనలోకి రావడానికి కేంద్ర సైన్స్ శాఖ 2002-03లో ఒక పథకం మొదలుపెట్టింది. ఇప్పుడు వైజ్-కిరణ్ పేరుతో నడుస్తోంది. ఇది అమ్మకి చెప్పకు, "అయితే తర్వాత చూద్దాం" అంటుంది.

అమ్మా నమస్కారం. మా కోడలు విశాఖలో ల్యాబ్‌లో ఏటో పరిశోధన చేస్తాది. ఇప్పుడు మూడో నెల. ఎలుకలంటాది, మందులంటాది, గ్యాసులంటాది. మానీయమంటే నవ్వుతాది. మొదటి మనవడో మనవరాలో అని మా భయం మాది. ఎలా చెప్తే మాన్తాదో మీరే చెప్పాలి.
— ఒక అత్తగారు, గజపతినగరం

వదిన గారూ, మీ భయంలో సగం నిజం ఉంది, ఆ సగం కోడలికి కూడా తెలిసే ఉంటుంది.

జాగ్రత్త పడాల్సినవి ఇవి. ఫార్మలిన్, జైలీన్, క్లోరోఫామ్ ఆవిర్లు పీల్చకూడదు. జెల్ పోసేటప్పుడు వాడే అక్రిలమైడ్ పొడి, రంగుకి వాడే ఇథిడియం బ్రొమైడ్ ముట్టుకోకూడదు. ఎలుకలకి మత్తు గ్యాసు ఇచ్చే పని ఇంకొకరికి అప్పగించాలి. రేడియో ధార్మిక పదార్థాలతో పని ఉంటే ఈ సంగతి వెంటనే రాసి ఇవ్వాలి. చెప్పిన దగ్గర్నుంచి మిగిలిన నెలలన్నీ కలిపి కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ కొలత) మించకూడదని నిబంధన. మొదటి మూడు నెలలే బిడ్డ అవయవాలు ఏర్పడేది కాబట్టి, దిష్టి తగులుతుందని ఐదో నెల దాకా దాచిపెట్టే మన అలవాటు ల్యాబ్‌లో పనికిరాదు. గైడుకి ఈ వారమే చెప్పమనండి. ఊరంతటికీ చెప్పక్కర్లేదు.

భయపడక్కర్లేనివి కూడా ఉన్నాయి. మైక్రోస్కోపు, కంప్యూటరు, గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్, ఇవేవీ బిడ్డకి హాని చెయ్యవు. ల్యాబ్ ఎలుకలు శుభ్రంగా పెంచినవి. చేతికి గ్లవ్స్, మూతికి మాస్కు ఉంటే చాలు, కరిస్తే వెంటనే కడుక్కుని డాక్టరుకి చూపించాలి. మీ వడ్ల బస్తాల మధ్య తిరిగే ఎలుకే ఎక్కువ ప్రమాదం, ఎలుకజ్వరం దాని మూత్రంతోనే వస్తుంది. పురిటికి కోడలు గజపతినగరం వచ్చేలోగా ఆ గది సంగతి చూడండి.

మాన్పించే మాట నా దగ్గర లేదు. మీ ఉత్తరంలో "ఏటో పరిశోధన" అన్నారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ ఏటో ఏమిటని అడగండి. ఆ ఎలుకలకి ఏ జబ్బు తెప్పిస్తున్నారు, ఏ మందు ఇస్తున్నారు, రోజూ చేతిలో పట్టుకునే సీసాల మీద ఏం రాసుంటుంది. అర్థం కాకపోయినా పరవాలేదు, కోడలు చెప్పినవి చెప్పినట్టు మీ అబ్బాయి చేత రాయించి నాకు పంపండి. పేర్లు చూస్తే ఏది పక్కన పెట్టాలో, ఏది చేసుకోవచ్చో విడివిడిగా రాసి పంపుతాను.